సార్డీన్ చావుకు నల్లబట్టలు

బెనీతా పెట్టె అడుగు నుంచి వాళ్ళమ్మ నల్లగౌను బయటికి తీసేసరికి అత్త ఫేఫా వంటింట్లో వెల్లుల్లి దంచుతోంది. రోటి చప్పుడు ఆగేలోగా తొడుక్కుని బయటపడిపోవాలనుకుంది గానీ, వీపు మీది గుండీలు చేతికి అందలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని తంటాలు పడుతుండగానే రోటి చప్పుడు ఆగిపోయింది.

"ఏంటది?" అంది ఫేఫా గుమ్మంలో నిలబడి.

"గౌను, అత్తా."

"నాకేం కళ్ళు పోలేదు. నల్లది ఎందుకు తీశావని అడుగుతున్నా."

మొగుడు పోయినవాళ్ళు కట్టే నలుపు ఆ ఇంట్లో నిషిద్ధం. కిందటి వసంతంలో బెనీతా మొగుడు ఫెర్మీన్ 'రోసా దెల్ మార్' అనే పడవ మీద సహారా తీరం వైపు సార్డీన్ చేపల వేటకు వెళ్ళాడు. పడవ తిరిగి రాలేదు. కొన్నాళ్ళకు ఆ పేరు రాసి ఉన్న చెక్క ఒకటి వేరే పడవవాళ్ళకు దొరికింది. మనుషులెవరూ దొరకలేదు. రేవు అధికారులు ఆచూకీ లేదన్నారు. చర్చిలో ఫాదర్ కూడా "సముద్రం మీద ఆచూకీ తెలియనివారి కోసం" అని ప్రార్థన చేయించాడే తప్ప చనిపోయినవారి కోసం అనలేదు. ఫేఫా అననివ్వలేదు. "మొరాకోవాళ్ళు పట్టుకుని ఏ జైల్లోనో పడేసి ఉంటారు. రేపో మాపో వదులుతారు. నువ్వు నల్లబట్ట కట్టావంటే నా కొడుకుని నువ్వు చంపినట్టే," అని కోడలికి మొదటి వారమే చెప్పేసింది.

దాంతో బెనీతా ఎటూ కాకుండా పోయింది. శాన్ క్రిస్తోబల్ చేపలవాడలో మొగుడు పోయినదాని దగ్గరికి పదిమందీ వస్తారు, గిన్నెలో వేడి పులుసు తెస్తారు, పక్కన కూర్చుని ఏడుస్తారు. మొగుడున్నదాన్ని పెళ్ళికీ విందుకీ పిలుస్తారు. ఈమెను దేనికి పిలవాలో, ఈమెతో ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియలేదు. మొదట్లో "ఏమన్నా కబురు తెలిసిందా?" అని అడిగేవాళ్ళు. తర్వాత అదీ మానేశారు. కొళాయి దగ్గరికి వెళితే మాటలు ఆగిపోయేవి. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి పువ్వుల గౌను వేసుకుని తిరుగుతుంటే, అది కూడా ఆమె తప్పే అన్నట్టు చూసేవాళ్ళు.

"ఇవాళ సార్డీన్ శవయాత్ర కదత్తా," అంది బెనీతా తల తిప్పకుండా. "ఊరంతా నలుపే వేసుకుంటుంది. చూసొద్దామని."

అది నిజమే. కార్నివాల్ పండగ ఆఖరి రోజున లాస్ పాల్మాస్ పట్నం మొత్తం కాగితపు సార్డీన్ ఒకదాన్ని పాడె మీద ఊరేగించి, మీసాలున్న మగాళ్ళు నల్ల పరికిణీలు, మేలిముసుగులు వేసుకుని గుండెలు బాదుకుంటూ ఏడుస్తుంటే, చివరికి దాన్ని సముద్రపొడ్డున తగలబెడుతుంది. ఆ ఒక్కరోజు ఎవరు నలుపు కట్టినా ఎందుకని అడిగేవాళ్ళుండరు. బెనీతా నెలరోజులుగా ఆ రోజు కోసమే చూస్తోంది.

ఫేఫా చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని ఆమె వెనక వచ్చి నిలబడింది. వెల్లుల్లి వాసన వేస్తున్న వేళ్ళతో కోడలి గుండీలు ఒక్కొక్కటే పెట్టింది.

"చేప కోసమైతే ఏడ్చుకో," అంది చివరి గుండీ దగ్గర. "ఇంకెవరి కోసమన్నా ఏడ్చావో, నా గడప తొక్కకు."

వీధి మలుపులో చేపలు శుభ్రం చేస్తున్న ఆడవాళ్ళు ఆమెను చూసి కత్తులు ఆపేశారు. ఒకామె చెయ్యి అప్పుడే గుండె మీదికి వెళ్ళిపోయింది.

"బెనీతా... కబురొచ్చిందా తల్లీ?"

"లేదక్కా. సార్డీన్‌కి."

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ! గుండె జారిపోయిందే పిల్లా!" అని ఆమె నవ్వేసింది. మిగతావాళ్ళూ నవ్వారు. ఎవరో ఒక పొలుసు తీసి ఆమె మీదికి విసిరి, "ఇదిగో, నీ చుట్టం తాలూకు జ్ఞాపకం!" అన్నారు. బెనీతా కూడా నవ్వింది. ఇన్ని నెలల్లో వాళ్ళు ఆమెతో సరదాగా మాట్లాడటం అదే మొదలు.

బస్సెక్కకుండా నడవడం మొదలుపెట్టింది. ఫెర్మీన్ పడవెక్కే రోజున ఇద్దరూ ఇలాగే నడిచేవాళ్ళు. ఊరికి ఈ చివర శాన్ క్రిస్తోబల్ నుంచి ఆ చివర రేవు దాకా, మధ్యాహ్నం బయల్దేరితే పొద్దు వాలే వేళకు చేరేవాళ్ళు. "బస్సయితే చప్పున తీసుకెళ్ళి పడేస్తుంది. తొందరేముంది, సముద్రం ఎక్కడికీ పోదు," అనేవాడు. మామూలు రోజుల్లో గబగబా నడిచే మనిషి ఆ రోజు మాత్రం ప్రతి దుకాణం అద్దం ముందూ ఆగేవాడు. కొనని వస్తువులకు వంకలు పెట్టేవాడు. ఆ బూట్లు చూడు, వాటిని తొడుక్కున్నవాడికి మెదడు మడమల్లోకి దిగిపోతుంది అనేవాడు. బెనీతా విసుక్కునేది. వేటకు వెళ్ళడం ఇష్టం లేక కాళ్ళు ఈడుస్తున్నాడని ఆమెకు తెలుసు. పైకి మాత్రం ఇద్దరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు.

వెగేతా వీధుల్లోకి వచ్చేసరికి గాలి తగ్గింది. పాత ఇళ్ళ చెక్క బాల్కనీల కింద నీడ చల్లగా ఉంది. పెద్ద చర్చి ముందున్న చౌకులో ఇత్తడి కుక్కబొమ్మల మీద పిల్లలెక్కి కూర్చున్నారు. బెనీతా రాతిపలకల మీద మెల్లగా నడిచింది. తొడుక్కున్న నలుపు ఒంటికి వేడిగా, బరువుగా, ఎందుకో హాయిగా ఉంది. ఎవరైనా తనవైపు చూస్తే దాచుకోవలసిందేమీ లేదనిపించింది.

చర్చి మెట్లు దిగుతున్న ముసలాయన ఒకడు ఆమెను చూసి ఆగాడు. టోపీ తీసి గుండె దగ్గర పెట్టుకున్నాడు.

"దేవుడు నీకు ఓర్పునివ్వాలి తల్లీ," అన్నాడు. "మొగుడా?"

బెనీతా తలూపింది.

"చిన్నవయసే పాపం. నేనూ నా మనిషిని పోగొట్టుకున్నాను. పగలు ఎలాగో గడుస్తుంది. భోజనాల వేళే..." అని ఇంకేదో చెప్పబోయాడు.

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. ఆ మిగతా మాట వినాలనిపించింది. ఇంతలో సందులోంచి ఇద్దరు కుర్రాళ్ళు నల్ల పరికిణీలు ఎత్తిపట్టుకుని, బూటకపు రొమ్ములు ఊపుకుంటూ, "అయ్యో నా సార్డీనూ! నన్ను ముండమోపిని చేసి పోయావే!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చారు. ఒకడు బెనీతా చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, "రా వదినా, శవం లేచిపోతుంది!" అని అరిచి వెళ్ళిపోయాడు.

ముసలాయన వాళ్ళను చూశాడు. ఆమెను చూశాడు. టోపీ నెత్తిన పెట్టేసుకుని పకపకా నవ్వాడు.

"ఎంత మోసం చేశావమ్మా! ఇవాళ కార్నివాలని మర్చేపోయాను. బాగా నటిస్తున్నావ్, కళ్ళల్లో నీళ్ళు కూడా తెప్పించావు!"

వేలు చూపించి బెదిరిస్తున్నట్టు ఆడిస్తూ, ఇంకా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆగమని పిలుద్దామనుకుంది. పిలిచి ఏమని చెప్పాలి? మొగుడు పోయాడో లేదో కూడా తెలియదనా?

త్రియానా వీధి నిండా జనం. దుకాణాలవాళ్ళు తలుపులు సగం దించుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. బెనీతా ఒక అద్దం ముందు ఆగింది. లోపల మగవాళ్ళ బూట్లు వరసగా ఉన్నాయి. అద్దంలో తన బదులు నల్లగౌనులో వాళ్ళమ్మ కనబడింది. ఎక్కువసేపు నిలబడలేకపోయింది.

శాన్ తెల్మో పార్కులో వాళ్ళు ఎప్పుడూ కాఫీ తాగే బంకు ఉంది. కూర్చోవద్దనుకుంటూనే కూర్చుంది. బల్లలు తుడిచే చానో ఆమెను గుర్తుపట్టాడు. బట్టతల, నోటి నిండా మాటలు. శాన్ క్రిస్తోబల్ కబుర్లు అతని దాకా వచ్చే అవకాశం లేదు.

"ఏంటక్కా, బొత్తిగా నల్లపూసైపోయారు! అబ్బో, విధవ వేషమా! బాగా కుదిరింది. ఆయనేడీ? ఆయనకు పరికిణీ కట్టలేదా?"

బెనీతా కాఫీ గ్లాసు అంచున వేలు తిప్పింది.

"సముద్రం మీద ఉన్నాడు."

"ఎప్పుడూ సముద్రమేనా? ఈసారి వస్తే నేను తిట్టానని చెప్పండి. కాఫీ వేడిగా లేదని నాతో పోట్లాడేవాడు లేక నాకూ తోచడం లేదు."

"చెప్తాను," అంది.

కాఫీ నిజంగానే వేడిగా లేదు. అయినా ఆఖరి చుక్క దాకా తాగింది.

అక్కడి నుంచి రేవు వైపు వెళ్ళే దారి పొడుగ్గా, తిన్నగా ఉంటుంది. ఫెర్మీన్‌తో నడిచినప్పుడు ఆ దారి ఇట్టే అయిపోయేది. ఇప్పుడు అంగుళమంగుళం తెలిసొస్తోంది. కుడివైపు ఇళ్ళ సందుల్లోంచి సముద్రం కనిపించి మాయమవుతోంది. బస్సుల కిటికీల్లోంచి వేషాలవాళ్ళు చేతులూపుతున్నారు. నల్లబట్టలవాళ్ళు, నిలువెల్లా నల్లబట్టలవాళ్ళు, జరీ అంచు నల్లబట్టలవాళ్ళు. కాలి మడమ దగ్గర బూటు కొరికింది. కాసేపు ఒక గోడకు ఆనుకుని నిలబడింది. ఇంటికి వెళ్ళిపోవచ్చు. వెళితే అత్త కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. తన గుండీలు తనే విప్పుకోవాలి. మళ్ళీ నడిచింది.

శాంతా కాతలీనా పార్కు చేరేసరికి ఆకాశం ఎర్రబడింది. అప్పటికే పాడె లేచింది. లారీ అంత సార్డీన్, వెండికాగితపు పొలుసులు, రెప్పల్లేని పెద్ద కళ్ళు. వాటికి కాటుక కూడా పెట్టారు. ముందు బాకాలవాళ్ళు చావు పాటను పెళ్ళి పాటలా వాయిస్తున్నారు. వెనక వందలమంది విధవలు. ఒకడు స్పృహ తప్పి పడిపోతే నలుగురు లేపి నోట్లో రమ్ము పోస్తున్నారు. లేచి తాగి మళ్ళీ పడుతున్నాడు. ఒకడు బిషప్ వేషంలో చీపురుతో జనం మీద నీళ్ళు చల్లుతున్నాడు.

బెనీతా పక్కన నిలబడి చూసింది. ముందు ఏమీ అనిపించలేదు. తర్వాత కోపం వచ్చింది. ఈ కాగితపు చేపకు పాడె ఉంది. బాకాలున్నాయి. ఊరు ఊరంతా వెంట నడుస్తోంది. సముద్రంలోకి వెళ్ళి దీన్నే పట్టుకొచ్చేవాడికి ఒక చెక్కపెట్టె లేదు, ఒక గంట మోగలేదు, చనిపోయాడన్న మాట కూడా లేదు.

వెనక్కి తిరగబోతుంటే ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ఆరడుగుల విధవ. మేలిముసుగు కింద గుబురు మీసం, మెడలో వెల్లుల్లిపాయల హారం, చెమటకు కారిపోయిన రంగు.

"ఎక్కడికే వదినా, దహనం కాకుండానే! నీకేమీ బాధ లేదా? నీకూ నాకూ ఒక్కడే మొగుడు కదే!" అని ఆమె భుజం మీద తల వాల్చి బావురుమన్నాడు. పక్కనున్న లావుపాటి విధవ, "నువ్వు చిన్నిల్లువి, నోర్ముయ్! పెద్దిల్లుని నేను! కుడివైపు మొప్ప నాకు రాసిచ్చాడు!" అని తోశాడు. జనం విరగబడి నవ్వారు.

"నువ్వు చెప్పవే వదినా," అన్నాడు మీసాలవాడు ఆమె చెయ్యి వదలకుండా. "నువ్వెవర్ని పోగొట్టుకున్నావు? పేరు చెప్పు, అందరం కలిసి ఏడుస్తాం!"

"ఫెర్మీన్," అంది బెనీతా.

"ఏమన్నావ్?"

"ఫెర్మీన్. మా ఆయన."

"విన్నారర్రా! వదిన మొగుడు ఫెర్మీన్ పోయాడంట! అయ్యో ఫెర్మీనూ!"

"అయ్యో ఫెర్మీనూ!" అన్నారు విధవలందరూ. ఆ పేరు వరసలోంచి వరసలోకి పాకింది. ముందున్న బిషప్ వెనక్కి తిరిగి ఆ పేరు మీద చీపురు విదిలించాడు. "ఎంత మంచివాడే ఫెర్మీనూ! ఎన్ని గ్లాసులు తాగేవాడివే! మాకు చెప్పకుండా పోయావే!" అని లావుపాటివాడు నేల మీద దొర్లాడు.

ఇంతమంది నోట ఆ పేరు ఒక్కసారిగా వినేసరికి బెనీతా నోరు తెరిచింది. లోపలి నుంచి వచ్చింది కేక కాదు. శాన్ క్రిస్తోబల్ ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి శోకం తీసే పద్ధతి అది. మంద్రంగా మొదలై, పైకి లేచి, అక్కడే వణుకుతూ నిలబడిపోతుంది. చుట్టూ జనం "ఆహా!" అన్నారు. చప్పట్లు కొట్టారు. "ఈ ఏడాదికి ఈమెదే అసలు ఏడుపు!" అని ఎవరో అరిచారు.

మీసాలవాడు మాత్రం నవ్వలేదు. ఆమె చెయ్యి అతని చేతిలోనే ఉంది. అది చల్లబడిపోవడం అతనికి తెలిసింది. మేలిముసుగు పైకెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"అమ్మా," అన్నాడు నెమ్మదిగా. "నిజంగానా?"

ఆమె తలూపింది.

"దేవుడా... క్షమించు తల్లీ. నా పేరు ఒక్తావియో. రేవు బజారులో మాంసం కొట్టు నాది. తాగున్నాను, తెలియలేదు. ఎప్పుడు పాతిపెట్టారు?"

"పాతిపెట్టలేదు. దొరకలేదు. 'రోసా దెల్ మార్' మీద ఉన్నాడు."

ఒక్తావియోకు ఆ పేరు తెలుసు. రేవు దగ్గర ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. అతను మెడలోంచి వెల్లుల్లి హారం తీసేసి జేబు కోసం వెతుక్కున్నాడు. పరికిణీకి జేబు లేదు. ఏం చెయ్యాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంటి దగ్గర దింపుతాను, రా."

"వద్దు," అంది బెనీతా. "మీరు ఆపకండి. ఇందాకటిలా ఏడవండి."

"ఇప్పుడు రమ్మంటే ఏడుపెలా వస్తుందమ్మా?"

"అయితే నాతో నడవండి చాలు."

అతను నడిచాడు. తన పెద్ద చేతిని ఆమె మోచేతి కింద పెట్టి, చర్చి నుంచి శ్మశానానికి తీసుకెళ్ళేవాళ్ళలా, అడుగులో అడుగేసి నడిచాడు. లావుపాటి స్నేహితుడు ఏదో జోకు వెయ్యబోతే, "నోర్ముయ్ లోలో," అన్నాడు. లోలో వెనక్కి తిరిగి ఏం చెప్పాడో, వాళ్ళ వెనకున్న నాలుగైదు వరసలు మెల్లగా సద్దుమణిగాయి. కొందరు ముసుగులు సరిచేసుకున్నారు. ముందూ వెనకా కేకలు, బాకాలు. మధ్యలో ఆ కొద్దిమంది మాత్రం నిజం శవం వెనక నడుస్తున్నట్టు తలలు దించుకుని నడిచారు. బెనీతా దారి పొడుగునా ఏడ్చింది. ఎవరూ ఊరుకోబెట్టలేదు.

లాస్ కాంతేరాస్ తీరంలో ఇసుక మీద సార్డీన్‌ను దించి నిప్పు పెట్టారు. గాలికి కాగితం ఒక్కసారిగా అంటుకుంది. పొలుసులు నిప్పుముక్కలై ఎగిరి నీళ్ళ మీద పడి చుంయ్‌మన్నాయి. చివరికి వెదురు ఎముకలు మిగిలాయి. అవీ కూలాయి. బెనీతా వాటి వంక చూస్తూ, నోట్లోనే, ఒకే ఒక్కసారి, "పోయాడు," అనుకుంది. ఆ మాట అంటే ఏదో కూలిపోతుందని ఇన్నాళ్ళూ భయపడింది. అలలు వస్తున్నాయి, పోతున్నాయి.

మంట తగ్గగానే జనం విడిపోయారు. విధవలు ముసుగులు తీసి మొహాలు తుడుచుకున్నారు. వాళ్ళ పెళ్ళాలూ పిల్లలూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఎవరి విధవను వాళ్ళు పట్టుకున్నారు. ఒక్తావియో భార్య చంకలో పాపతో వచ్చింది. అతను ఆమె చెవిలో ఏదో చెప్పాడు.

"మాతో రా చెల్లెమ్మా," అందామె. "వేడిగా కాస్త తిని పడుకుందువు గాని. రేపు పొద్దున్న ఆయన దింపుతాడు."

"అత్త ఎదురు చూస్తుంటుంది," అంది బెనీతా.

వాళ్ళు మరోసారి పిలిచి, తటపటాయించి వెళ్ళారు. పాప తండ్రి మీసం లాగుతుంటే అతను నొప్పి నటిస్తున్నాడు. బెనీతా ఆ నవ్వు వినబడినంతసేపూ అక్కడే నిలబడింది. ఆ విధవలందరికీ ఇళ్ళున్నాయి. ఇసుక మీద బూడిద, ఖాళీ సీసాలు, ఎవరో పారేసిన నల్ల చేతితొడుగు మిగిలాయి. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని బస్సు కోసం వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే ఆమె అదే గౌను వేసుకుంది. ఈసారి గుండీలు ముందే పెట్టి తల మీదుగా తొడుక్కుంది. ఫేఫా చూసింది. కార్నివాల్ అయిపోయిందని ఆమెకు తెలుసు. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. గడప తొక్కవద్దని మాత్రం అనలేదు.

బెనీతా ఫాదర్ దగ్గరికి వెళ్ళి, ఫెర్మీన్ కోసం ప్రార్థన చేయించాలంది. ఆచూకీ తెలియనివారి కోసం కాదు, చనిపోయినవారి కోసం. ఫాదర్ గడ్డం నిమురుకుని, "పెద్దావిడ ఏమంటుంది?" అన్నాడు. "ఏమీ అనడం లేదు," అంది బెనీతా. ఆ ఆదివారానికి ఒప్పుకున్నాడు.

ఆ రోజు ఫేఫా రాలేదు. చేపలు కోసే ఆడవాళ్ళలో కొందరు వచ్చి వెనక బల్లల మీద కూర్చున్నారు. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే బెనీతా చేతులు పట్టుకున్నారు. ఏం మాట్లాడాలో ఇప్పుడు వాళ్ళకు తెలుసు. అయినా ఇన్నాళ్ళ అలవాటు వల్లనో ఏమో, చప్పున వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఫేఫా కిటికీ దగ్గరే ఉంది. పొయ్యి మీద పులుసు వేడిగా ఉంది. బెనీతా ఇద్దరికీ వడ్డించి, దాని మీద గింజలు వేయించి విసిరిన గోఫియో పిండి చల్లింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. సగం తిన్నాక ఫేఫా తల ఎత్తకుండానే అడిగింది.

"ఎంతమంది వచ్చారు?"

"కొద్దిమందే, అత్తా."

ఫేఫా చెంచాతో పులుసు కాసేపు కలిపింది.

"చలిగాలి కదా," అంది. "ఎవరొస్తారు."